వాసన పోని సీసా: సెలీనియం టెట్రాబ్రోమైడ్ ఎర్ర నూనెగా మారిన కేసు

నిరుడు జులై రెండో వారం. హనుమకొండలో నాలుగు రోజులుగా ముసురు పట్టి ఉంది. పొద్దున ల్యాబ్‌కు వెళ్లేసరికి మా రీసెర్చ్ విద్యార్థిని డెసికేటర్ (చెమ్మ తగలకుండా పదార్థాలు దాచే గాజు పాత్ర) ముందు బిక్కమొహం వేసుకుని నిలబడి ఉంది.

"ఏమైంది బిడ్డా?" అన్నాను.

"సార్, నా కాంపౌండ్ కరిగిపోయింది. వాన చెమ్మ తగిలినట్టుంది" అంది.

మూడు వారాల కింద ఆ ఫ్లాస్కులో ఉన్నది నారింజ ఎరుపు పొడి. ఇప్పుడు పైన గోధుమ రంగు ముద్ద, అడుగున నల్లగా కనిపించేంత ముదురు ఎర్ర నూనె. ఫ్లాస్కు వంచి కిటికీ వెలుతురుకు పెడితే, గాజు మీద పల్చగా పరుచుకున్న చోట మాత్రం అది దానిమ్మ రసం రంగులో మెరుస్తోంది. సిలికా జెల్ గింజల నీలం పోయి గోధుమ రంగు వచ్చింది. మూత అంచుకు రాసిన గ్రీజు ముదిరి గట్టిపడింది. పంపుకు వెళ్లే రబ్బరు ట్యూబును వేలితో నొక్కితే పగుళ్లు విచ్చుకున్నాయి.

ఆమెకు కావాల్సింది సీజియం హెక్సాబ్రోమోసెలినేట్ అనే స్ఫటికం. సీసం లేకుండా కాంతిని పీల్చుకునే, పెరొవ్‌స్కైట్ అనే ఖనిజం తరహా స్ఫటిక అమరిక ఉన్న పదార్థాల మీద ఆమె పని. దానికి ముడిసరుకుగా సెలీనియం టెట్రాబ్రోమైడ్ తానే తయారు చేసుకుంటానంటే సరే అన్నాను. ఒక సెలీనియం, నాలుగు బ్రోమిన్లు. కాగితం మీద ఇంతకంటే తేలికైన చర్య ఉండదు.

తయారీలో తప్పు లేదు. ఆమె నోట్‌బుక్ తీసి లైను లైనూ చదివాను. సెలీనియం పొడి 3.95 గ్రాములు, అంటే మోల్‌లో ఇరవయ్యో వంతు. బ్రోమిన్ 16 గ్రాములు, సుమారు 5.2 మిల్లీలీటర్లు. ఐసు తొట్టిలో ఫ్లాస్కు పెట్టి, పొగలను బయటికి లాగే ఫ్యూమ్ హుడ్ లోపల, పక్కన బ్రోమిన్ ఒలికితే విరచడానికి హైపో ద్రావణం బీకరు నిండా ఉంచుకుని, చుక్క చుక్కగా వేసింది. వరంగల్ ఎండలకు బ్రోమిన్‌తో పని చేసేవాళ్లకు ఈ జాగ్రత్త ఎందుకో వేరే చెప్పనక్కర్లేదు. బ్రోమిన్ 58.8 డిగ్రీలకే మరుగుతుంది. మే నెలలో బయట 44, 45 డిగ్రీలు ఉన్నప్పుడు స్టోర్ రూములో సీసా మూత కదిలిస్తే చాలు, ఎర్రటి ఆవిరి బుస్సున లేస్తుంది. అందుకే మేం వేసవిలో బ్రోమిన్ సీసాను గంట సేపు ఐసులో పెట్టకుండా తెరవం.

సిద్ధాంతం ప్రకారం 19.93 గ్రాములు రావాలి. ఆమెకు 19.71 వచ్చింది. కొంచెం బ్రోమిన్ ఎగిరిపోయి ఉంటుంది, అంతే. రంగు సరిగ్గా ఉంది. నోట్‌బుక్‌లో ఆమె రాసుకున్న ఒక వాక్యం దగ్గర మాత్రం నేను ఆగాను: "సగం బ్రోమిన్ పడక ముందే పొడి మొత్తం ముదురు ఎర్ర ద్రవంగా మారింది. ఇంకా వేస్తూ పోతే మళ్లీ గట్టిపడి నారింజ రంగుకు వచ్చింది."

ఈ కేసుకు సగం జవాబు ఆ వాక్యంలోనే ఉంది. నేను ఆ రోజు దాన్ని చదివి కూడా ముందుకు వెళ్లిపోయాను. నా తలలోనూ వానే ఉంది మరి.

వాన వాదన ఎందుకు నిలబడలేదు

చెమ్మ తగిలితే సెలీనియం టెట్రాబ్రోమైడ్ పాడవుతుందన్నది నిజమే. నీటితో కలిస్తే అది సెలీనస్ ఆమ్లంగా, హైడ్రోజన్ బ్రోమైడ్‌గా విడిపోతుంది. హైడ్రోజన్ బ్రోమైడ్ పొగలాగా వెళ్లిపోతుంది కాబట్టి బరువు తగ్గుతుంది. ఫ్లాస్కు బరువు తూచి చూస్తే లోపలి పదార్థం 16.45 గ్రాములే ఉంది. మూడు వారాల్లో 3.26 గ్రాములు పోయాయి. ఇది చూసి ఆమె "చూశారా సార్, చెమ్మే" అంది. బరువు ఒక్కటే చూస్తే ఆ మాట కాదనలేం.

కానీ చెమ్మ వల్ల జరిగితే మిగలాల్సింది తెల్లటి పొర. సెలీనస్ ఆమ్లం తెల్లగా ఉంటుంది. మా ఫ్లాస్కులో తెల్లదనం ఎక్కడా లేదు. పైగా నీరు సెలీనియం ఆక్సీకరణ స్థితిని, అంటే అది ఎన్ని ఎలక్ట్రాన్లు వదులుకుందో చెప్పే లెక్కను, మార్చదు. టెట్రాబ్రోమైడ్‌లో సెలీనియం ప్లస్ నాలుగు స్థితిలో ఉంటుంది, సెలీనస్ ఆమ్లంలోనూ అంతే. ఎర్ర నూనె రావాలంటే సెలీనియం ఆ మెట్టు మీద నుంచి కిందికి దిగాలి. నీళ్లకు దాన్ని దించే శక్తి లేదు.

అందుకని ఒక పరీక్ష చేద్దామన్నాను. ఇది చాలా పాత పద్ధతి, దీనికి ఏ మిషనూ అక్కర్లేదు. పదార్థాన్ని నీళ్లలో వేసి రంగు చూడటమే. టెట్రాబ్రోమైడ్ అయితే నీరు తేటగా ఉంటుంది. తక్కువ బ్రోమిన్ ఉన్న బ్రోమైడ్ అయితే ఇటుక పొడి కలిపినట్టు ఎర్రటి సెలీనియం విరిగి పడుతుంది. సెలీనియం మోనోబ్రోమైడ్, అంటే రెండు సెలీనియంలకు రెండు బ్రోమిన్లు ఉన్నది, నీళ్లలో పడితే అందులోని సెలీనియంలో నాలుగింట మూడు వంతులు ఎర్ర పొడిగా బయటికి వస్తుంది, ఒక వంతు సెలీనస్ ఆమ్లంగా నీళ్లలో ఉండిపోతుంది.

ఆమె పైనున్న ముద్ద నుంచి చిన్న పలుకు గిల్లి నీళ్లలో వేసింది. నీరు తేటగానే ఉంది, కాస్త పసుపు ఛాయ తప్ప. "టెట్రాబ్రోమైడ్ బాగానే ఉంది సార్" అంది, ఊపిరి పీల్చుకుని.

అక్కడ మేం దాదాపు మోసపోయాం. ఆ పసుపు ఛాయ నన్ను ఆపింది. అది బ్రోమిన్ నీళ్ల రంగు. బ్రోమిన్ నీళ్లలో ఎర్ర సెలీనియం బతకదు. బ్రోమిన్ దాన్ని మళ్లీ సెలీనస్ ఆమ్లంగా మార్చేస్తుంది. ముద్ద మీద బ్రోమిన్ పట్టి ఉంటే, ఎర్రదనం వచ్చినా మన కంటికి కనిపించే లోపే చెరిగిపోవచ్చు. అంటే ఈ పరీక్షలో తేట నీరు రెండు సంగతులు చెప్పగలదు, ఒకటి కాదు.

నమ్మకం కుదరాలని రెండు టెస్ట్‌ట్యూబులు తీసుకున్నాను. ఒకదానిలో మామూలు డిస్టిల్డ్ వాటర్, రెండో దానిలో పల్చటి బ్రోమిన్ నీళ్లు. రెండింటిలోనూ అడుగు నూనె ఒక్కో చిన్న చుక్క. మొదటి దానిలో చుక్క నేరుగా అడుగుకు దిగింది. నీటి కంటే మూడున్నర రెట్లకు పైగా బరువైన ద్రవం అది. దిగీ దిగగానే చుట్టూ ఎర్రటి తొడుగు కట్టుకుంది. గాజు కడ్డీతో నొక్కితే తొడుగు చిట్లి లోపలి నూనె బయటికి వచ్చి మళ్లీ ఎర్రబడింది. అలా మూడు నాలుగు సార్లు నలిపితే గాని మొత్తం మారలేదు. రెండో ట్యూబులోనూ ఎర్ర మబ్బు లేచింది. కానీ కలుపుతుంటే ఒకటి రెండు నిమిషాల్లో పల్చబడి, ముందు నారింజగా, తర్వాత మరకైనా లేకుండా తేటపడిపోయింది. విద్యార్థిని ఆ ట్యూబునే చూస్తూ నిలబడింది. పొద్దున తన తేట నీటిని ఎందుకు నమ్మకూడదో నేను విడిగా చెప్పాల్సిన పని పడలేదు.

తర్వాత లెక్క. నూనె 0.500 గ్రాములు తూచి, నీళ్లలో బాగా నలిపి, పడ్డ ఎర్ర పొడిని సింటర్డ్ క్రూసిబుల్‌లో (అడుగున సన్న రంధ్రాల గాజు జల్లెడ ఉన్న గిన్నె) వడకట్టి, కడిగి, ఆరబెట్టి తూచాం. 0.161 గ్రాములు వచ్చింది. శుద్ధమైన మోనోబ్రోమైడ్ అయితే 0.186 రావాలి. మా అంకెను బట్టి ఒక్కో సెలీనియంకు సుమారు 1.18 బ్రోమిన్లు ఉన్నట్టు తేలింది. అంటే అది చాలావరకు మోనోబ్రోమైడే, కొంచెం ఎక్కువ బ్రోమిన్ కరిగి ఉంది. ఈ ద్రవం విషయంలో అది మామూలే. ద్రావణంలో మోనోబ్రోమైడ్, డైబ్రోమైడ్, బ్రోమిన్ ఒకదానితో ఒకటి సమతాస్థితిలో ఉంటాయి. డైబ్రోమైడ్‌ను విడిగా సీసాలో పట్టి ఉంచడం కుదరదు. ఆవిరిలోనూ ద్రావణంలోనూ మాత్రమే అది కనిపిస్తుంది.

ఇప్పుడు ఫ్లాస్కు బరువు వైపు మళ్లీ చూస్తే అంకెలు మాట్లాడాయి. తెల్ల పొర లేదు, నూనె నీళ్లలో ఎర్రబడింది, కాబట్టి పోయింది బ్రోమినే అనుకోవచ్చు. సెలీనియం ఎక్కడికీ పోలేదు. మొదటి రోజు ఒక్కో సెలీనియంకు 3.94 బ్రోమిన్లు. మూడు వారాల తర్వాత 3.13. పట్టిన బ్రోమిన్‌లో అయిదో వంతు దాకా ఎగిరిపోయింది.

ఎవరు తీసుకెళ్లారు ఆ బ్రోమిన్‌ను

"రోజూ ఏం చేసేదానివి?" అని అడిగాను.

"వాసన పోవడం లేదు సార్. మిగిలిన బ్రోమిన్ అంతా పోవాలని రోజుకు ఇరవై నిమిషాలు పంప్ పెట్టాను. మర్నాడు తెరిస్తే మళ్లీ అదే వాసన. అందుకే ఇంకా ఎక్కువసేపు పెట్టాను."

వాసన పోయేదాకా ఆరబెట్టమని ఆమెకు చెప్పింది నేనే. టెల్లూరియం టెట్రాబ్రోమైడ్‌తో చేసిన అలవాటు అది. అది గట్టి పదార్థం. దాని మీద మిగిలిన బ్రోమిన్‌ను పంపుతో లాగేస్తే దానికేమీ కాదు. అదే గుంపులో ఒక మెట్టు పైన ఉన్న సెలీనియం కూడా అలాగే నడుచుకుంటుందని నోటికి వచ్చినట్టు చెప్పేశాను. ఈ కేసు రాయడానికి అసలు కారణం ఆ ఒక్క మాట.

సెలీనియం టెట్రాబ్రోమైడ్ వాసన మిగిలిపోయిన బ్రోమిన్‌ది కాదు. ఆ పదార్థమే ఎప్పుడూ కొంచెం కొంచెం బ్రోమిన్‌ను వదులుతూ ఉంటుంది. చుట్టూ గాలిలో బ్రోమిన్ ఆవిరి నిండుగా ఉంటే వదిలినంత మళ్లీ తీసుకుంటుంది, నిలకడగా ఉంటుంది. ఆ ఆవిరిని పంపుతో లాగేస్తే మళ్లీ వదులుతుంది. మళ్లీ లాగితే మళ్లీ వదులుతుంది. మలినాన్ని తీసేస్తున్నామని ఆమె అనుకుంది. నిజానికి రోజూ ఇరవై నిమిషాల చొప్పున కాంపౌండ్‌నే కొంచెం కొంచెంగా విప్పుతూ వచ్చింది. విప్పిన దారి కూడా కట్టిన దారే. సెలీనియం మీద బ్రోమిన్ పోస్తూ పైకి వెళ్లేటప్పుడు మధ్యలో ఏ ఎర్ర ద్రవం తగిలిందో, బ్రోమిన్ పోగొట్టుకుంటూ కిందికి వచ్చేటప్పుడు అదే ద్రవం తగిలింది. నోట్‌బుక్‌లో నేను ఆగి కూడా దాటిపోయిన వాక్యం అదే.

ఘన రూపంలో దీని నిర్మాణం చూస్తే ఈ బలహీనత కొంత అర్థమవుతుంది. నాలుగు సెలీనియంలు, నాలుగు బ్రోమిన్లు ఒక ఘనం మూలల్లో ఒకటి విడిచి ఒకటి కూర్చుంటాయి. ప్రతి సెలీనియంకు బయటివైపు మరో మూడు బ్రోమిన్లు దగ్గరగా అతుక్కుని ఉంటాయి. మొత్తం నాలుగు సెలీనియంలు, పదహారు బ్రోమిన్లు. ఘనం మూలల్లో ఉన్న బ్రోమిన్లను మూడేసి సెలీనియంలు పంచుకుంటాయి కాబట్టి ఆ బంధాలు పొడవు, పట్టు తక్కువ. ఈ ఘనాలు పేర్చుకునే తీరును బట్టి ఇది రెండు రూపాల్లో దొరుకుతుంది, ఒకటి నల్లగా, ఒకటి నారింజ ఎరుపుగా. కాబట్టి నల్లగా కనబడగానే పాడైందనుకోకూడదు. మా విద్యార్థిని ఒక దశలో ముద్ద నల్లబడిందని భయపడింది కూడా. రంగు ఇక్కడ నమ్మదగ్గ సాక్షి కాదు. బరువు, నీటి పరీక్ష, ఈ రెండూ కలిపి చూడాలి.

హాలోజన్ల వరుసలోనూ ఈ సంగతి కనిపిస్తుంది. సెలీనియం టెట్రాక్లోరైడ్‌ను వేడి చేసి ఆవిరి పట్టి శుద్ధి చేసుకోవచ్చు. టెట్రాబ్రోమైడ్ బ్రోమిన్ తోడు లేకుండా నిలవదు. టెట్రాఅయోడైడ్ అయితే అసలు లేనే లేదు. ప్లస్ నాలుగు స్థితిలో ఉన్న సెలీనియం అయోడైడ్ నుంచి ఎలక్ట్రాన్లు లాక్కుని అయోడిన్‌ను విడిపిస్తుంది. బ్రోమైడ్ దగ్గర ఆ లాగుడు సగం సగంగా ఉంటుంది. మన తలనొప్పి అంతా ఆ సగం దగ్గరే.

అయితే ఇదే గుణం వేరేచోట పనికొచ్చింది. 1930లలో అమెరికాలో సౌత్ డకోటా వైపు పశువుల గిట్టలు ఊడిపోవడానికి నేలలోని సెలీనియమే కారణమని తేలినప్పుడు, మట్టిలో, గోధుమల్లో దాన్ని కొలవడానికి అక్కడి వ్యవసాయ రసాయనవేత్తలు వాడిన ఉపాయం ఇది: హైడ్రోబ్రోమిక్ ఆమ్లం, బ్రోమిన్ కలిపి మరిగిస్తే సెలీనియం టెట్రాబ్రోమైడ్‌గా ఆవిరై బయటికి వస్తుంది, మిగతా లోహాలు చాలావరకు వెనకే ఉండిపోతాయి. పట్టుకున్న దాన్ని సల్ఫర్ డయాక్సైడ్‌తో క్షయకరణం చేస్తే ఎర్ర సెలీనియం దిగుతుంది. మన దేశంలో పంజాబ్‌లోని నవాంశహర్, హోషియార్‌పూర్ ప్రాంతాల్లో ఇలాంటి సెలీనియం నేలలు ఉన్నాయి. ఆ పద్ధతిలో బ్రోమిన్ కలపడం ఎందుకో నేను ఏళ్ల తరబడి క్లాసులో "ఆక్సీకరణ కోసం" అని మాత్రమే చెప్పేవాణ్ని. ఇప్పుడు "ఆక్సీకరణ కోసం, ఆ నాలుగు బ్రోమిన్లు జారిపోకుండా కాపలా కోసం" అని చెబుతున్నాను.

మళ్లీ చేసి చూశాం

ఒక్క ఫ్లాస్కు చూసి తీర్పు చెప్పడం నాకు ఇష్టం లేదు. అదే ముసురులో, అదే ల్యాబులో కొత్తగా కొంచెం తయారు చేసి రెండేసి గ్రాములుగా మూడు భాగాలు చేశాం. ఒకటి గాజు ఆంప్యూల్‌లో వేసి, రెండు చుక్కలు అదనంగా బ్రోమిన్ వేసి, ఐసులో బాగా చల్లబరిచి మూతి కరిగించి మూసి ఫ్రిజ్‌లో పెట్టాం. రెండోది గాజు బిరడా ఉన్న చిన్న సీసాలో బల్ల మీదే ఉంచాం. మూడోదానికి పాత పద్ధతే, రోజూ పంపు.

పది రోజుల తర్వాత ఆంప్యూల్‌లోది పెట్టినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది, పైన ఖాళీ జాగాలో లేత ఎరుపు ఆవిరితో. బల్ల మీద సీసాలో పొడి కాస్త ముదిరింది కానీ పొడిగానే ఉంది. మూడోది జిగటగా మారి 1.62 గ్రాములకు దిగింది. మూడింటికీ ఒకే వాన, ఒకే గది. మా విద్యార్థిని ఆ రోజు నోట్‌బుక్‌లో "చెమ్మ" అన్న మాట మీద ఒక గీత కొట్టి, పక్కన తేదీ వేసి సంతకం చేసింది. చెరిపేయకుండా గీత కొట్టినందుకు నాకు చాలా సంతోషం వేసింది.

అయినా అసలు ప్రశ్న మిగిలింది. ఆమెకు ఈ పదార్థం ముడిసరుకుగానే కదా కావాల్సింది. రోజూ ఆంప్యూల్ పగలగొట్టి, బ్రోమిన్ పొగలో తూకం వేసుకుంటూ, ఎన్ని బ్రోమిన్లు మిగిలాయో తెలియని దానితో లెక్కగా చర్య చేయడం ఎలా? ఆ పొగ ఊపిరితిత్తులకు మంచిది కాదు, సెలీనియం ఒంట్లోకి వెళ్తే ఇంకా మంచిది కాదు. పెద్దవాళ్లకు రోజుకు 55 మైక్రోగ్రాముల సెలీనియం చాలు, 400 దాటకూడదంటారు. ల్యాబులో పనిచేసే మనిషి ఊపిరిలో వెల్లుల్లి వాసన వస్తుంటే, అది కూరలోది అనుకుని ఊరుకోకూడదు. ఒంట్లో చేరిన సెలీనియం డైమిథైల్ సెలినైడ్‌గా ఊపిరిలో బయటికి వస్తే అచ్చం అదే వాసన.

కాబట్టి దారి మార్చాం. ఆమెకు కావాల్సిన స్ఫటికంలో ప్రతి సెలీనియం చుట్టూ ఆరు బ్రోమిన్లు ఉంటాయి. ఆ ఆరింటి గూడు టెట్రాబ్రోమైడ్ కంటే చాలా నెమ్మదస్తురాలు. పైగా దాన్ని కట్టడానికి టెట్రాబ్రోమైడ్‌ను విడిగా చేతిలో పట్టుకోవాల్సిన అవసరమే లేదు. సెలీనియం డయాక్సైడ్ 1.11 గ్రాములు 48 శాతం హైడ్రోబ్రోమిక్ ఆమ్లంలో కరిగించింది. తెల్ల పొడి కరుగుతూనే ద్రావణం ఎర్రబడింది. అందులో సీజియం బ్రోమైడ్ 4.26 గ్రాములు అదే ఆమ్లంలో కరిగించి వేడిగా కలిపింది. కలిపిన చోటల్లా ఎర్రటి సన్న స్ఫటికాలు మెరుస్తూ దిగాయి. చల్లారాక వడకట్టి, హైడ్రోబ్రోమిక్ ఆమ్లంతోనే కడిగి ఆరబెట్టింది. నీళ్లతో కడిగితే ఆరు బ్రోమిన్ల గూడు విడిపోతుంది, అది మాత్రం మరిచిపోకూడదు. 8.24 గ్రాములకు 7.58 వచ్చింది, 92 శాతం. ఎక్స్‌రే పౌడర్ నమూనా క్యూబిక్ నిర్మాణంతో సరిపోయింది. సెలీనియం మీద ఒక ఒంటరి ఎలక్ట్రాన్ జంట ఉన్నా, ఆరు బ్రోమిన్లూ సరిసమానంగా నిలబడటం ఈ కుటుంబంలో నాకు ఎప్పుడూ ఆశ్చర్యంగానే ఉంటుంది.

పాత ఫ్లాస్కులో మిగిలింది ఊరికే సింకులో పోసేది కాదు. హుడ్‌లో, ఐసు నీళ్లలో కొంచెం కొంచెంగా వేసి పూర్తిగా నలిపాం. ముందు తనంతట తాను పడిన ఎర్ర సెలీనియం వడకడితే 0.66 గ్రాములు. వడకట్టిన తేట ద్రవంలోని సెలీనస్ ఆమ్లానికి సోడియం సల్ఫైట్ వేస్తే ఇంకో 2.93 గ్రాములు దిగింది. ముందు పరీక్షకు తీసిన నూనెలోని సెలీనియం కూడా కలిపితే 3.82 గ్రాములు లెక్కకు వచ్చింది, పెట్టింది 3.95. పరీక్ష నూనెలో పడినదాన్నీ కలుపుకుని, తనంతట తాను పడిన వాటాను బట్టి వెనక్కి లెక్క కడితే ఆ ఫ్లాస్కులో ఒక్కో సెలీనియంకు 3.14 బ్రోమిన్లు ఉన్నట్టు తేలింది. బరువును బట్టి మేం ముందు వేసిన అంకె 3.13.

వడకట్టిన ఎర్ర పొడిని నీళ్లలోనే వేడి చేస్తే ముడుచుకుని బూడిద రంగుకు తిరిగింది. ఆమె దాన్ని నైట్రిక్ ఆమ్లంలో కరిగించి, ఇంకించి, తన సెలీనియం డయాక్సైడ్ తానే చేసుకుంది. రెండో విడత ఎర్ర స్ఫటికాలు ఆ సెలీనియంతో వచ్చినవే. ఆంప్యూల్ మాత్రం ఇప్పటికీ ఫ్రిజ్‌లో ఉంది, పేరు కింద ఆమె చేతిరాతతో ఒక లైను: "బ్రోమిన్‌తో సహా ఉంచాలి, ఆరబెట్టవద్దు."